చాప ఎత్తమనేవాళ్లు లేని వాన

సుజాతా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. బళ్లో పదో తరగతి పిల్లలకు భూమ్మీద జీవం ఎట్లా మొదలయ్యిండొచ్చో చెప్పినాను. పుస్తకంలో మాటలు వాళ్లకెక్కలేదు. అందుకని నీ మామిడి తాండ్ర గురించి చెప్పినాను.

ఒకసారి నేను తొందరపడి, చాప మీద మొదటి పొర ఆరకముందే ఇంకో పొర రసం పోసినాను, గుర్తుందా? అంతా బూజు పట్టింది. "ఆరితేనే కదా పట్టుకునేది, తడి మీద యాడ పట్టుకుంటాది!" అని కసిరినావు. తొలినాటి భూమ్మీద కూడా, వేడి రాళ్ల నడుమ నీటిగుంటలు ఎండినప్పుడే చిన్న అణువులు గొలుసుల్లా ఒకదాన్నొకటి పట్టుకున్నాయేమో అంటారు. వాన పడి తడిసి, మళ్లీ ఎండి, ఆ గొలుసులు పొడుగైనాయంట.

"వానొస్తే తాండ్ర పాడైపోతాది కదా సార్?" అని ఒక పాప అడిగింది. రేపు చెప్తానన్నాను.

సాయంత్రం ఇంట్లో నోటుపుస్తకాలు దిద్దుతుంటే చినుకులు మొదలైనాయి. మిద్దె మీద నేను పోసిన తాండ్ర ఉండాది. అయినా లేవలేదు. ఇన్నేళ్లూ నువ్వు "సాప ఎత్తండి!" అని అరిస్తేనే కదా నేను లేచింది. ఆ అరుపు కోసం అట్నే కూర్చున్నాను.

రేపు ఆ పాపకు జవాబు చెప్తాను. అప్పుడు భూమ్మీద చాప ఎత్తమని అరిచేవాళ్లు ఎవరూ లేరు, అందుకే ఆ వానల్లో జీవం పుట్టిందని.

వాన వెలిసినాక చూస్తే తాండ్రంతా కరిగిపోయింది. మన మిద్దె మీద ఏమీ పుట్టలేదు. చాప కడిగి ఆరేసినాను.