పెట్టె ఎంచిన తొమ్మిది రోజులు

కంపాలా,
సెప్టెంబర్ 14

కెమిరెంబె అక్కకు,

రాగిపిండి, నెయ్యి అందాయి. పిండిలో గుచ్చి పంపిన ఉత్తరమూ అందింది. బస్సువాడు నెయ్యి డబ్బాను తలకిందులుగా పెట్టినట్టున్నాడు, నీ అక్షరాలు సగం జిడ్డయ్యాయి. అయినా అసలు సంగతి చదవగలిగాను. ఇంటికి కొత్త ఇంటర్నెట్ లైను వేయించావు. దానికి తగ్గ రౌటర్ నన్నే ఎంచి పంపమన్నావు. అమ్మకు తెరమీద నా చేతులు మాట్లాడుతుంటే చూడాలని ఉందన్నావు.

నేను ఎంచను అక్కా. ఇంకెవరినైనా అడుగు. కారణం ఫోన్‌లో చెప్పలేక ఇలా రాస్తున్నాను. నువ్వు ఫోన్ చెవిన పెట్టుకున్నంతసేపూ అమ్మ నీ మొహమే చూస్తూ కూర్చుంటుంది. నాన్నలాగే పుట్టు చెవిటిదన్న మాటే గానీ మన మొహాల్లో ఉన్నదంతా ఆవిడకు వినబడిపోతుంది. చిన్నప్పుడు మనం చెప్పిన అబద్ధాలన్నీ అలాగే కదా దొరికిపోయాయి.

నాన్న అంత్యక్రియల పూటే తిరిగొచ్చేసి, ఎనిమిది నెలలుగా అమ్మకు కనబడకుండా పని ఎక్కువని తప్పించుకుంటున్నాను. పని ఎక్కువ కాదు. నాన్న ఆఖరి మాట మింగేసింది నేను. ఆ సంగతి అమ్మ కళ్లలోకి చూస్తూ దాచలేను.

ఆ పాత రౌటర్ గుర్తుందిగా? ఆరు యాంటెన్నాలతో పీతలా ఉండేది. పైన పటారం, లోన లొటారం. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ దుకాణానికి వచ్చేవాళ్లకు నేనే చెబుతాను, "యాంటెన్నాలు లెక్కపెట్టకండి బాబూ, లోపల ప్రాసెసర్ ఎంత గట్టిదో చూడండి" అని. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో ఉన్నంతకాలం అలాంటి పెట్టె లైనులో వచ్చిన సమాచారపు పొట్లాన్ని వచ్చినట్టు అవతలికి తోసేస్తుంది, చల్లగా బతుకుతుంది. దాన్ని తీసేసి మనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించామా, ప్రతి పొట్లాన్నీ విప్పి చూసి, ఏది ముందు పోవాలో, ఏది ఆగాలో ప్రాసెసరే తేల్చాలి. అమ్మానాన్నలతో నేను మాట్లాడే వీడియో కాల్‌కి ముందు దారి ఇవ్వమన్నాను. అక్కడితో ఆగానా? ప్రకటనలు ఆపమన్నాను, అంతా రహస్య లిపిలోకి మార్చి పంపమన్నాను. దుకాణంలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా, మా నాన్న ఇంట్లో ఇన్ని సదుపాయాలున్నాయని. మేకపిల్ల మీద ఎద్దు బరువు వేశాను.

ఆ జనవరి ఆదివారం సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్‌లో నాన్న సైగ చేస్తున్నాడు. ముందు వాన సంగతి, ఆ తర్వాత గిరాకీ కుట్టమని ఇచ్చిన కోటు సంగతి. తర్వాత కుడిచెయ్యి కణత దగ్గరికి ఎత్తాడు, గుప్పిట మూసి. దించాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. మూడోసారీ అదే. బొమ్మ తట్టుకుంటోంది, వచ్చిందే మళ్లీ మళ్లీ వస్తోందనుకున్నాను. అంతలో గుప్పిట కణత దగ్గర ఉండగానే బొమ్మ ఆగిపోయింది. తర్వాత తెర నల్లబడింది.

నీకు ఫోన్ చేసి "కరెంటు పోయిందా?" అన్నాను. "లేదురా, ఉంది" అన్నావు. అరగంటకు పెట్టె లేచింది. ఇక్కడి నుంచే దాని లోపలికి వెళ్లి చూశాను. కొత్తగా లేచి ఆరు నిమిషాలైందని ఉంది. ఏం జరిగిందో రాసుకునే దాని చిట్టా అంతా తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటుంది, ఆగి లేచిందంటే చెరిగిపోతుంది. కరెంటు ఉండగా తనంతట తాను పడిపోయిందంటే ఇంకేముంది, బరువు మొయ్యలేక పడింది. ఆ బరువు వేసింది నేను.

మర్నాటి నుంచి అది అసలు లేవలేదన్నావు. ఫోన్ డేటాతో చూద్దామంటే మన వీధి సిగ్నల్‌కు చేతులు మసకబారిపోతాయి. సరే, ఈసారి తప్పు చెయ్యకూడదని కొత్త పెట్టె వెదకడం మొదలెట్టాను. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నాయి, మెమరీ ఎంత, మన సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందా, అన్ని సదుపాయాలూ వేశాక కూడా లైను వేగం తగ్గకుండా మోస్తుందా అని చూశాను. పక్క కౌంటర్ నాంటోంగో నవ్వింది. "ఏమయ్యా బరిగ్యే, పెళ్లికూతుర్ని చూస్తున్నావా, పెట్టెను చూస్తున్నావా? ఇంతసేపా?" అంది. నాలుగు పెట్టెలు తెచ్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దుకాణంలో రోజల్లా పరీక్షించి, మూడింటిని తిప్పి పంపాను. తొమ్మిది రోజులు. పదోరోజు నాలుగోదాన్ని బస్సుకు వేశాను. పదకొండోరోజు నాన్న పోయాడు.

ఆ బస్సు అయిదు గంటల్లో ఎంబరారా చేరుతుంది అక్కా. పెట్టెను ఎక్కించినవాణ్ణి నేను ఎక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నన్నడుగు. ఆ గుప్పిట తర్వాత ఏం చెప్పబోయాడో ఇక ఈ జన్మకు తెలియదు. ఆ తెరలోకి మళ్లీ చూడడం నావల్ల కాదు.

నీ తమ్ముడు,
బరిగ్యే

~

ఎంబరారా,
సెప్టెంబర్ 19

తమ్ముడూ,

ఇది పాల కేంద్రంలో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే అమ్మ పక్కకొచ్చి నిలబడుతుంది. కిందటి ఉత్తరానికి రెండు నిమిషాలు పట్టింది. దీనికి మూడురోజులు పట్టింది.

ఆ పెట్టె పడిపోలేదు. ప్లగ్గు నేనే పీకాను.

తిట్టుకో. కాగితం చింపెయ్యకుండా చివరిదాకా చదువు చాలు.

నాన్న కుడిచెయ్యి అంతకు ఆరునెలల ముందే మొరాయించడం మొదలెట్టింది. వేళ్లు మూసుకుంటే విప్పుకునేవి కావు. నరాల జబ్బన్నాడు డాక్టరు, పైకి పాకుతుందన్నాడు. కత్తెర పట్టలేక కోట్లన్నీ పక్క దర్జీకి ఇచ్చేశాడు. నీకు చెప్పిన ఆ కోటు కూడా లేదు, అబద్ధం. నీ ఎదుట మాత్రం ఎడమచేత్తో ఎక్కువ మాట్లాడి, కుడిచేతిని అవసరానికి ఎత్తేవాడు. తెరమీద నువ్వు పోల్చుకోలేదు. పోల్చుకోకూడదనే ఆయన తాపత్రయం.

ఆ రోజు చేసింది నీ పేరురా. చిన్నప్పుడు దూడ నిన్ను కుమ్మితే, కణత దగ్గర బొటనవేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా విప్పి నీకు ఆయనే పేరు పెట్టాడు. ఇంకో మాట మొదలెడుతూ నిన్ను పిలవబోయాడు. వేళ్లు విప్పుకోలేదు. మూడుసార్లు ఎత్తాడు, మూడుసార్లూ గుప్పిటే వచ్చింది. బొమ్మ తట్టుకోలేదు తమ్ముడూ. నువ్వు చూసింది ఉన్నదున్నట్టు చూశావు.

రౌటర్ నా మోకాలి పక్కన పీట మీద ఉంది. ఎడమచేత్తో బల్లకింద నాకు సైగ చేశాడు, పీకెయ్ అని. పీకేశాను. అరగంటకు నేను మళ్లీ పెట్టాను, రాత్రి ఆయన మళ్లీ తీయించాడు. తర్వాత అదే ఎడమచేత్తో అన్నాడు:

"పెట్టె చెడిందని చెప్పు వాడికి. పెట్టెలైతే వాడు బాగుచేసుకోగలడు."

నేను ఎదురు చెప్పాను. "వాడొస్తాడు నాన్నా, రమ్మంటాను" అన్నాను.

"వస్తే చేతులు చూస్తాడు. కన్నకొడుకు పేరు చెయ్యలేని చెయ్యి వాడికెందుకు? ఒట్టు వెయ్యి" అన్నాడు. అమ్మ కూడా అక్కడే ఉంది. ముందు ఏడ్చింది, తర్వాత ఒప్పుకుంది. ఆయన అంత త్వరగా పోతాడని మాకెవరికీ తెలియదురా. ఏడాది ఉందన్నాడు డాక్టరు. ఊపిరి పట్టేసి ఒక్కపూటలో పోయాడు.

బస్సు ఆఫీసులో పడి ఉన్న నీ పెట్టె ఆయన పోయిన సాయంత్రం ఇంటికి వచ్చింది. అప్పటికి ఇంటినిండా జనం. కుట్టుమిషను కింద పెట్టాను, ఇప్పటికీ విప్పలేదు. ఏదైనా ఎంచి పంపమని నీకు ఉత్తరం రాసినప్పుడు కూడా అది అక్కడే ఉంది. ఎంచడం నీకిష్టం కదా, ఆ వంకతోనైనా కనబడతావనుకున్నాను. తప్పంతా నీదేనని నువ్వు ఇలా మోస్తున్నావని తెలియదు.

బస్సు ఎక్కలేదన్నావు. అది మాత్రం నిజమే. దాన్ని నేను కడగలేను. నేను రమ్మనలేదన్నదీ నిజమే. సగం నువ్వు మొయ్యి, సగం నేను మోస్తాను.

అమ్మేమో నీకు కోపమనుకుంటోంది. ఒట్టుకు తానూ ఒప్పుకున్న సంగతి నీకు తెలిసిపోయిందని, అందుకే మొహం చూపడం లేదని ఆవిడ నమ్మకం. రోజూ పొద్దున్నే ఒకసారి కణత దగ్గర కొమ్ములు విప్పి, నావైపు చూస్తుంది. నేను తల అడ్డంగా ఊపుతాను. పనిలోకి పోతుంది.

నీ అక్క,
కెమిరెంబె

~

కంపాలా,
సెప్టెంబర్ 25

అక్కా,

నాలుగు రోజులు నీమీద కోపంతో రాయలేదు. ఇంకా తగ్గలేదు. నాన్న మీద అంతకన్నా ఉంది. ఆయన మీద ఎలా తీర్చుకోవాలో తెలియక ఆ పాత పీత లాంటి పెట్టె ఇంకొకటి తెచ్చి, అవే సదుపాయాలన్నీ వేసి, బల్లమీద పెట్టి రెండురోజులు నడిపాను. నత్తలా నడిచింది గానీ ఒక్కసారైనా పడిపోలేదు. ఈ పని జనవరిలో చేసి ఉంటే నీ అబద్ధం అప్పుడే తేలిపోయేది. నా తప్పేనని ఎంత గట్టిగా నమ్మానంటే, పరీక్షించాలని కూడా తోచలేదు.

కొత్తది ఏదీ ఎంచను. కుట్టుమిషను కింద ఉన్నదే చాలు. నీ కొత్త లైను వేగం ఎంతో రాశావుగా, ప్రతి పొట్లాన్నీ విప్పి చూసినా దానికి రెండింతలు మోస్తుంది. తొమ్మిది రోజులు ఎంచిన పెట్టె మరి. నువ్వు మాత్రం దాన్ని విప్పకు. శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. నేనే విప్పి, అమ్మ పక్కన కూర్చుని బిగిస్తాను. ఇది అందిన మర్నాడు పొద్దున ఆవిడ కొమ్ములు విప్పినప్పుడు తల నిలువుగా ఊపు.

ఒక్కమాట. ఆవిడకీ వయసు మీద పడుతోంది. వేళ్లు వణికే రోజు వస్తే వణకనీ, మూసుకుపోతే మూసుకుపోనీ. ఆ గుప్పిటను నేను చూస్తాను. ఆవిడ వద్దన్నా చూస్తాను. ఈసారి ప్లగ్గును గోడమీద నీ చేతికి అందనంత ఎత్తులో పెడతాను.

నీ తమ్ముడు,
బరిగ్యే