గాజుపలక మీద మిగిలిన మందు

ఏమండీ,

అక్క ఇంటికి క్షేమంగా చేరాను. చెంప వాపు కొంచెం తగ్గింది, కోపం తగ్గలేదు. ఎదురుగా ఉంటే మీ ముందు నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

మీరు నా పంటికి రూట్ కెనాల్ చేసిన రోజు గుర్తు చేసుకోండి. నాకంటే ముందు ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన పంటి వేరు పూడ్చడానికి కలిపిన మందు గాజుపలక మీద కొంత మిగిలింది. మీరు ఆయన్ని సాగనంపుతూ గుమ్మం దగ్గర చాలాసేపు కబుర్లు చెప్పి వచ్చారు. "ఇది బిగుసుకుంటోంది సార్, కొత్తది కలపనా?" అని నర్సు అడిగింది. "మా ఆవిడేగా, ఇది చాల్లే" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాను.

తర్వాత నొప్పి అంటే, "నరం తీసేశాక నొప్పేమిటి, అంతా నీ భ్రమ" అన్నారు. సుకుమారి అని పేరు కూడా పెట్టారు. అత్తయ్యగారు దాన్నే అందుకుని, "సుకుమారీ, కాసిని మంచినీళ్లు" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ నీళ్లు ఇచ్చి వంటింట్లోకి వెళ్లి చెంప పట్టుకుని నిలబడేదాన్ని.

ఇక్కడి డాక్టరమ్మ పన్ను మళ్లీ తెరిచింది. లోపల చీము. "ఈ మందు కలిపిన కొత్తలోనే క్రిముల్ని బాగా చంపుతుందమ్మా. బిగుసుకునే కొద్దీ ఆ బలం పోతుంది, పంటి గోడకీ సరిగా అంటదు. ఆ సందులో క్రిములు కాపురం పెట్టాయి. ఎవరు చేశారిది?" అని అడిగింది. "దీని మొగుడే" అంది అక్క. డాక్టరమ్మ తల దించుకుని పని చేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

దారిన పోయేవాళ్లకు కొత్త మందు, కట్టుకున్నదానికి మిగిలింది. ఇంట్లోవాళ్లంటే మీకు అంత లోకువా? నా నొప్పి నిజమని, తప్పు మీదని అత్తయ్యగారి ముందు మీ నోటితో చెప్పండి. అంతవరకూ నేను రాను.

మీ భార్య

*

ఏమండీ,

మీరు చెప్పారట. నిన్న అత్తయ్యగారు ఫోన్ చేశారు. క్షమించమంటారనుకున్నాను. ఆవిడ గొంతు తగ్గించి, "నా దవడ పన్ను కూడా వాడే చేశాడే. ఏడాదిగా సలుపుతోంది. కన్నకొడుకు చేసిన పని, బాగాలేదని ఎలా అంటాను? నువ్వు పైకి అంటుంటే ఒళ్లు మండి వెక్కిరించాను. మీ డాక్టరమ్మ నన్ను కూడా చూస్తుందేమో కనుక్కోవూ" అన్నారు.

రేపు పొద్దున్నే ఆవిడను బస్సెక్కించండి. మీరు రావద్దు. ఆవిడకు నయమయ్యాక ఇద్దరం కలిసే వస్తాం. ఈలోగా మీ చేత పళ్లకు వైద్యం చేయించుకున్న చుట్టాలందరినీ పిలిపించి చూడండి. నొప్పి లేదంటారు. నమ్మకండి.

మీ భార్య