పచ్చి రంగు మీద కుంకుమ

తిరువళ్ళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు తమ్ముడు రమణ నమస్కారాలు. నువ్వూ, పాపా ఎలా ఉన్నారు? పాపకు పాలు సరిపోతున్నాయా? అమ్మ నీకు పథ్యం వేళకు పెడుతోందా? ఇక్కడ బావా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాము. మా గురించి బెంగ పెట్టుకోవద్దు.

నువ్వు కాన్పుకు రాజంపేట పోయినప్పటి నుంచి వంట నాదే. సాంబారు ఎలా ఉన్నా బావ నోరెత్తకుండా తింటున్నాడు. ఎండలు మండిపోతున్నాయి. కార్లకు రంగులేసే మన షెడ్డు రేకుల కింద ఒళ్ళు ఉడికిపోతోంది. వీధిలో అందరిదీ తమిళమే. పనిలో పడితే తెలియదు గానీ, ఆదివారం వస్తే మన ఊరు గుర్తొచ్చి దిగులేస్తుంది. అయినా బాగానే ఉన్నాను, నిజంగానే.

షోలవరంలో కారు పందేలకు పోయే మద్రాసు షావుకారు, ఇక్కడివాళ్ళు ముదలాళి అంటారే, ఆయన గురించి బావ నీకు చెప్పే ఉంటాడు. తన షెడ్డులో బావకు హెడ్ పెయింటర్ పని ఇస్తానన్నాడే, ఆయనే. నువ్వు పాపతో వచ్చేసరికి మద్రాసులో కాపురం పెట్టాలని బావ ఆశ. చేతిపని చూద్దామని ఆయన తన కారునే మాకు పంపాడు. జపాను కారక్కా. డాట్సన్ 240 జెడ్ అంటారు. పొడుగాటి ముక్కు, వెనక్కి వాలిన నడుము, లోపల ఇద్దరికే చోటు. ఒకప్పుడు జపాను సరుకంటే లోకం నవ్వేదట. గొప్పవాళ్ళ యూరపు కార్లలా పరుగెత్తే బండిని మామూలు ఉద్యోగస్తుడు కూడా కొనగలిగేలా చేసి వాళ్ళు ఆ నవ్వు మాన్పించారని ముదలాళి చెప్పాడు. ఆఫ్రికాలో బురదా దుమ్మూ దారుల్లో సాగే పెద్ద పందెం కూడా గెలిచిందట. స్టార్టు చేస్తే ఆరు సిలిండర్లూ ఒకే గొంతుతో పలుకుతాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

నేను సొట్టల మీద పుట్టీ మెత్తి నున్నగా రుద్దితే, బావ దానికి తెల్ల రంగు కొట్టాడు. ఎంత నున్నగా వచ్చిందంటే, అందులో మొహం చూసుకుని తల దువ్వుకున్నాను.

"ఒరే రమణా, రంగు ఇంకా పచ్చిగా ఉండాది. ఈగను గూడా వాలనియ్యొద్దు" అని చెప్పి, ముదలాళిని పిలుచుకురావడానికి బావ మద్రాసు పోయాడు.

ఈగను వాలనివ్వలేదక్కా. నేనే వాలాను. మనింట్లో నాగలికైనా, సైకిలుకైనా బొట్టు పెట్టకుండా గడప దాటించామా? ఇంత మంచి బండి బోడి నుదురుతో పోకూడదనిపించింది. తిరుత్తణి కొండ నుంచి తెచ్చుకున్న విభూతి తడిపి బానెట్ మీద మూడు పట్టీలు వేసి, మధ్యలో తడి కుంకుమ పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టాను. కాసేపటికి చూస్తే కుంకుమ ఎర్రగా కిందికి కారుతోంది. తుడిస్తే రంగులోకి ఇంకింది. భయమేసి, రంగును పలచన చేసే థిన్నర్ పెట్టి రుద్దాను. తెలుపు పొరలు పొరలుగా ఊడివచ్చింది.

అప్పుడే ఇద్దరూ వచ్చారు. ఎర్రబడిన గుడ్డను వీపు వెనక దాచుకున్నాను.

"ఎవురు చేసినారు ఇది?" అన్నాడు ముదలాళి.

"నేనే సార్. పొయ్యేముందు బొట్టు పెట్టినా. బుద్ధి గడ్డి తినింది" అన్నాడు బావ.

"రంగు తెలిసినోడు చేసే పనేనా మేస్త్రీ?"

బావ తల వంచుకున్నాడు. నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. బావ ఆ బానెట్‌ను మళ్ళీ గీకి, మళ్ళీ రంగు కొట్టి పంపాడు. కారుతోపాటు హెడ్ పెయింటర్ మాటా పోయింది.

నిన్న ముదలాళి మనిషి కబురు తెచ్చాడు. పని ఉందట. బావకు కాదు, నాకు. "ఆ పిల్లోడు పుట్టీ బాగా రుద్దినాడు, వాణ్ణి పంపు" అన్నాడట.

బావ నా చొక్కాలు తానే ఉతికి ఆరేశాడు. "పో రా. మన ఇంట్లో ఒకరన్నా మద్రాసు చేరితే చాలు. మీ అక్కకు మాత్రం ఏమీ రాయొద్దు" అన్నాడు. దొడ్లోకి పోయి ఏడ్చాను. ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినాలంటే సిగ్గుతో ముద్ద దిగడం లేదు.

అందుకే వద్దన్నా రాస్తున్నాను. రేపు పొద్దున రైలుకు మద్రాసు పోతున్నాను. పనిలో చేరడానికని బావ అనుకుంటున్నాడు. ముదలాళి ముందు నిలబడి, బొట్టు పెట్టింది నేను, మా బావ తప్పేమీ లేదు అని చెప్తాను. ఆయన బావను పిలుస్తాడో, ఇద్దరినీ తిట్టి పొమ్మంటాడో తెలియదు. ఏమైనా సరే చెప్తాను.

అమ్మకు, పెదనాన్నకు నా నమస్కారాలు చెప్పు. అమ్మకు ఈ సంగతి ఇప్పుడే చెప్పవద్దు. నీ దీవెన ఉంటే రేపు నాకు మాట తడబడదు. పాపకు చెవులు కుట్టించేటప్పుడు మేనమామనని నా ఒడిలోనే కదా కూర్చోబెడతారు. బావ పక్కనే ఉంటాడు. ఆ రోజు నేను ఆయన మొహం చూడగలగాలి అక్కా.

నీ పాదాలకు మొక్కుతూ,
నీ తమ్ముడు
రమణ