పదిహేడో పెట్టెను తగలబెట్టవద్దు

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో నా కూతురు సుమతి ఇంటి బేస్‌మెంటులో ఉంటున్న పొన్నలూరి ధర్మారావు అనే నేను, ఎనభై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. మోకాళ్ళే లేవు. మొన్న డాక్టరమ్మ నా జ్ఞాపకశక్తిని పరీక్షిస్తూ గడియారం బొమ్మ గీయమంది. రోమన్ అంకెలతో గీసి ఇచ్చాను. ఆమె నవ్వలేదు, మార్కులు మాత్రం వేసింది.

1. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా 2009 నాటి దానిలో ఆరో క్లాజు. "పదిహేడో నంబరు పెట్టెను విప్పకుండా నాతోపాటు తగలబెట్టవలెను" అని అందులో రాశాను. ఎందుకు రాశానో ఎనిమిది, తొమ్మిది క్లాజుల్లో చెప్తాను.

2. దీన్ని అమలుపరిచే బాధ్యత సుమతిది. ఇంగ్లీషులో రాస్తే అల్లుడు గోపాల్ లాయరు చేతిలో పెట్టి ఊరుకుంటాడు. తెలుగులో రాస్తే సుమతే చదవాలి, తెలుగు చదవలేని నా మనవరాలు రియాకు పైకి చదివి వినిపించాలి. అందుకే తెలుగు. ఒక్క ముక్క కూడా వదలకుండా చదవమని నా ఆదేశం.

3. గోపాల్‌కు నా గదిలోని తేమ లాగే యంత్రం. కార్ల కంపెనీలో ఇంజనీరు అయిన ఈయన నేను వచ్చిన ఏడాది బేస్‌మెంటు గోడలకు నీళ్ళు దిగని రంగు వేయించాడు. గోడను ఊపిరాడకుండా చేయొద్దన్నాను. "మామయ్యగారూ, ఇది ట్వెల్త్ సెంచరీ చర్చి కాదు, డ్రైవాల్, ఒట్టి అట్టగోడ అండీ. రిలాక్స్ అవ్వండి," అన్నాడు. ఇప్పుడు రంగు వెనక బూజు పట్టింది, దాని వాసన నాకు పట్టింది. రోజుకు రెండుసార్లు ఆ యంత్రంలో నిండిన నీళ్ళు పారబోయాలి. ఆ పని ఆరేళ్ళుగా నాది. ఇక ఆయనది.

4. తెలుగు సంఘం మాజీ అధ్యక్షుడు కృష్ణమూర్తికి నా చేతి గడియారం. పాత ఇంగ్లీషు చర్చీల గురించి మాట్లాడమని ఆయనే పిలిచాడు. నాలుగో నిమిషంలో వేదిక మీదికి వచ్చి, "ధర్మారావు గారూ, మనకీ చర్చీలెందుకండీ, టూ మినిట్స్‌లో క్లోజ్ చేయండి, బిర్యానీ చల్లారిపోతోంది," అన్నాడు. నూటఎనభై మంది నవ్వారు. ఆ గడియారం నడవదు. సమయం అంత బాగా తెలిసినవాడికి నడిచే గడియారం అనవసరం.

5. రియాకు ఎర్ర అట్ట స్కెచ్ పుస్తకం. తూర్పు ఇంగ్లండులో ఆస్విక్ పార్వా అనే కుగ్రామం ఉంది. అక్కడి సెయింట్ బొటాల్ఫ్ చర్చిలో స్తంభాల మీద చెక్కిన ముఖాలన్నీ ఈ పుస్తకంలో గీశాను. ఏ రెండూ ఒకలా ఉండవు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు తీసుకువెళితే, నోరు తెరిచిన ఒక రాక్షసుణ్ణి చూపించి, "తాతా, ఈ ఫేస్ డాడీ ట్రాఫిక్‌లో ఉన్నట్టు ఉంది," అంది. అది ముప్పై నాలుగో పేజీ. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం పేరు కూడా చెక్కుకోని శిల్పి మా అల్లుణ్ణి ఎక్కడ చూశాడో నాకు అంతుపట్టలేదు.

6. గరాజ్‌లో మొదటి పదహారు పెట్టెల్లో ఉన్న నా పుస్తకాలు ఎవరు అడిగితే వాళ్ళకు. ఎవరూ అడగరు.

7. ఇక్కడ నన్ను ఎవరూ కట్టిపడేయలేదు, అన్నం పెడుతున్నారు, ఆ మాట రాయకపోతే అన్యాయం. కానీ ఈ వీధికి నడిచే బాట లేదు. నాకు కారు నడపడం రాదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సుమతి తలుపు దగ్గర నిలబడి, "నాన్నా, ఐస్ ఉంది, బయటికి వెళ్ళకు, నువ్వు పడితే నేను లీవ్ పెట్టాలి," అంటుంది. ఆస్విక్ చర్చి ఉత్తరపు గోడకు ఆనుకొని ఒకప్పుడు చిన్న గది ఉండేది. పద్నాలుగో శతాబ్దంలో ఒక స్త్రీ దైవధ్యానం కోసం కోరి అందులోకి వెళ్ళింది. బతికుండగానే ఆమెకు చావు మంత్రాలు చదివి తలుపు మూసేశారు. ఆమెకు మూడు కిటికీలు: ఒకటి అన్నానికి, ఒకటి వీధిలోని మనుషులకు, ఒకటి గోడలో ఏటవాలుగా తొలిచిన కన్నం, అందులోంచి చూస్తే పూజాపీఠం కనబడేది. నాకు ఒకటే కిటికీ. అది చిన్న గోతిలోకి తెరుచుకుంటుంది. గోతిలో మంచు.

8. మిస్టర్ పెల్హామ్‌కు, ఆయన బతికి లేకపోయినా, క్షమాపణ.

సుమతీ, ఈ పేరు నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లండులో పాత చర్చీలు బాగుచేయించే ఆఫీసులో నేను నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఆయన దాని యజమాని. నేను సున్నం వాడమంటే వినకుండా సిమెంటు వేయించి ఆస్విక్ గోడను చంపినవాడని నీకు చెప్పాను. ఈ ఇంటికి వచ్చిన అతిథులందరికీ చెప్పాను. అది అబద్ధం.

1968 వేసవిలో ఆ ఉత్తరపు గోడ రాళ్ళ సందుల్లోని పాత సున్నం గీకించాం. అప్పుడు ఆ స్త్రీ చూసిన కన్నం అంచురాళ్ళు బయటపడ్డాయి. ఆ కన్నాన్ని ఎప్పుడో పూడ్చేశారు. నేను కొలిచి గీశాను. ఆ మధ్యాహ్నం టీ తాగుతూ పెల్హామ్ అడిగాడు: "రావ్, మీ నాన్నగారు సున్నం మేస్త్రీ కదా. ఈ గోడకు ఏం వేద్దాం?" గదిలో ఇంకో ఇద్దరు కుర్ర డ్రాఫ్ట్స్‌మన్లు తలెత్తి చూశారు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "మా దేశంలో సున్నం ఎప్పుడో మానేశాం సర్. సిమెంటే," అన్నాను. అదే నెలలో మా నాన్న బందరులో గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలుపుతూనే ఉన్నాడు. పెల్హామ్ నిజంగానే అడిగాడు. నిజంగానే నమ్మాడు. నా డ్రాయింగు అంచున తన చేత్తో రాశాడు: "సిమెంటు. డి. రావు సలహా మేరకు, ఈ విషయంలో నాకంటే ఆయనకు బాగా తెలుసు." నాకు గౌరవం ఇస్తున్నాననుకున్నాడు.

సున్నం వాన తాగినా ఎండకు వదిలేస్తుంది. సిమెంటు వదలదు. లోపల చిక్కుకున్న నీరు దారి లేక రాయినే తినేస్తుంది. ఈ సంగతి మా నాన్న నాకు పలక పట్టకముందే నేర్పాడు.

మీ అమ్మ రాజేశ్వరమ్మకు తెలుసు. చర్చి వసారాలో ఫ్లాస్కుతో కూర్చుని నా కోసం ఎదురుచూసేది, "ఆ చర్చి మీ రెండో సంసారం," అనేది. ఆసుపత్రిలో చివరి వారం అంది: "పెల్హామ్ అడిగితే మీరేం చెప్పుంటారో నాకు తెలుసు లెండి. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు." ముప్పై ఎనిమిదేళ్ళు తెలిసి, నేను అతిథుల ముందు ఆ కథ చెప్తుంటే కాఫీలు అందించింది.

9. పదిహేడో పెట్టెలో ఉన్నది ఆ డ్రాయింగు. వేరే ప్రతి లేదు. పెల్హామ్ ఆఫీసు కాగితాలు ఎప్పుడో పోయాయి. ఆగస్టులో ఆ చర్చి బాగోగులు చూసే ఆలిస్ ఫెన్ అనే ఆమె ఉత్తరం రాసింది. గోడ పొడిపొడిగా రాలుతోందట. ఏప్రిల్‌లో సిమెంటు తీసేసి, సున్నంతో తిరిగి కడతారట. ఆ కన్నం ఎక్కడుందో తెలిస్తే తెరిచి కాపాడతారు, తెలియకపోతే మేస్త్రీలు మామూలు గోడగా నింపేస్తారు. ఎవరి దగ్గరైనా పాత కొలతలు ఉన్నాయా అని అడిగింది. మూడు నెలలు ఆ ఉత్తరం నా దిండు కింద ఉంది. డ్రాయింగు పంపితే అంచున ఉన్న వాక్యం కూడా వెళుతుంది. అంచు కత్తిరించడానికి రెండుసార్లు కత్తెర తీశాను.

కత్తిరించలేదు. నేను పోయేదాకా ఆగితే ఏప్రిల్ ఆగదు. కాబట్టి ఆ పెట్టెను ఈ వీలునామా ద్వారా ఎవరికీ ఇవ్వడం లేదు. ఈ ఉదయం నుంచి అది నాది కాదు. గరాజ్‌లో వెతకవద్దు.

10. సుమతికి మా నాన్న మేస్త్రీ పనిలో వాడిన ఇత్తడి గుండు, తాడుతో సహా. గోడ పక్కన వేలాడదీస్తే అది నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. అమ్మా, నా పక్కన కూడా ఒకసారి వేలాడదీసి చూడు.

11. నా అస్థికలు చట్టం ఒప్పుకున్న ఏ నీళ్ళలోనైనా కలపండి. ఆస్విక్‌కు మాత్రం పంపవద్దు. ఆ గోడ నన్ను నలభై నాలుగేళ్ళు మోసింది.

పైన రాసినదంతా నేను చదువుకుని, నిజమని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

ట్రాయ్, 2012 నవంబర్ 19, సోమవారం.

(సం.) పొన్నలూరి ధర్మారావు

సాక్షులు:

(సం.) వీరాంజనేయులు, ఎదురింటి నివాసి.

(సం.) నాగమల్లేశ్వరి, పక్కింటి నివాసి. బాబాయిగారు ఇచ్చిన ప్యాకెట్‌ను పొద్దున నేనే పోస్టాఫీసుకు తీసుకెళ్ళి ఇంగ్లండుకు పంపాను. ఆయన కూడా నాతో కార్లో వచ్చారు. ఐస్ ఉన్నా దిగి, కౌంటర్ దాకా నడిచారు.