బియ్యం డబ్బాలో పిక్

అక్కా,

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులుంటే ఏమీ అనుకోకు. కొలకలూరులో ఐదో తరగతి వరకే చదివాను.

నువ్వు పోయిన రెండేళ్ళకు ఆయన నన్ను చేసుకున్నారు. చర్చిలో బేస్ గిటార్ తీగలు మీటే నల్ల ప్లాస్టిక్ బిళ్ళ, ఆ పిక్, ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. చొక్కా ఉతుక్కి వేస్తే దాన్ని తీసి బైబిల్లో పెట్టుకుంటారు. అది నువ్విచ్చిందే అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. నిన్న నీ జ్ఞాపకార్థ కూడిక. అక్కడ నీ గుర్తుతో వాయిస్తుంటే చూడలేననిపించి మొన్నే దాన్ని బియ్యం డబ్బాలో దాచేశాను.

నిన్న రేపల్లె చర్చిలో ఆయన జేబులన్నీ తడుముకుని, చివరికి వేళ్ళతోనే వాయించారు. పిక్‌లా టకటకమనలేదు. ఆ మోత మెత్తగా నేను కూర్చున్న చాప కిందికి పాకింది. బాపట్ల నుంచి వచ్చిన మీ అమ్మ నా చెయ్యి పట్టుకున్నారు.

"మా అమ్మాయికి ఇట్టా వాయిస్తేనే ఇష్టమమ్మా. అది పోయాక అల్లుడు వేళ్ళతో తీగ మీటలేదు. అప్పుడే ఆ పిక్ కొనుక్కున్నాడు," అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆయన వేళ్ళు బొబ్బలెక్కాయి. కొబ్బరినూనె రాస్తానండి అంటే, "వద్దులే, ఉండనీ" అన్నారు. చాలాసేపు ఆ వేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నారు. నన్ను ఎప్పుడూ అట్లా చూడలేదక్కా.

పొద్దున పిక్ కడిగి ఆయన జేబులో పెట్టాను. ఆ మెత్తటి మోత నువ్వే ఉంచుకో. టకటకమనేది నాకు చాలు.

ఇది ఆయన కంటపడితే దాచింది నేనేనని తెలిసిపోతుంది. చదవగానే కాల్చెయ్యి.