ఇద్దరిదీ ఒక్కతీరు

నవంబర్ 10, ఆదివారం

పోర్టల్ ఓపెన్ అయింది. ట్రాన్‌స్క్రిప్ట్, ఐఈఎల్‌టీఎస్ స్కోరు, పాస్‌పోర్టు, ఎస్సే, ప్రాజెక్ట్ గైడ్ రికమండేషన్. యూరప్‌లో నీళ్ల మీద మాస్టర్స్, స్కాలర్‌షిప్‌తో. స్కాలర్‌షిప్ లేకపోతే మా ఇంట్లో ఆ మాటే ఎత్తలేం.

నేనూ నా ఫ్రెండు స్వీటీ ఇద్దరం అప్లికేషన్ పెడుతున్నాం. లాల్‌దర్వాజా నుంచి అది, పురానాపూల్ నుంచి నేను. ఇద్దరికీ వస్తే ఒకే రూమట, వంట నాదట, అంట్లు దానివట. అప్పుడే సంసారం పెట్టేసింది పిచ్చిది.

నవంబర్ 14

కార్వాన్‌లో జగదీశ్వర్ సార్ ఇంటికి వెళ్లాను. డిగ్రీలో మా ఇద్దరి ప్రాజెక్టుకూ ఆయనే గైడ్. రికమండేషన్ అనగానే, నువ్వే రాసుకో అమలా, నేను సంతకం పెడ్త అన్నాడు. అందరు సార్లూ ఇంతే. మా సీనియర్లు అందరూ తమ గొప్పలు తామే రాసుకుని సార్‌తో సంతకం పెట్టించుకున్నవాళ్లే. అందులో తప్పుందని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

కానీ ఈ యూనివర్సిటీకి సంతకం పనికిరాదు. సార్ కాలేజీ మెయిల్‌కు లింక్ పంపుతారు, సారే నింపాలి. అట్లాంటి మెయిల్ ఒకటి తనకుందని సార్‌కే గుర్తు లేదు. కాలేజీ ఆఫీసులో ఇస్సాకు అన్నకు ఫోన్ కొట్టి, పిల్ల వస్తది, పాస్‌వర్డ్ మార్చియ్యి అన్నాడు. నా వైపు తిరిగి, స్వీటీది గూడ నువ్వే నింపు, ఇద్దరిదీ ఒక్కతీరు రాయి, మల్ల లొల్లి వద్దు అన్నాడు.

స్వీటీ ఫోన్ చేస్తే సారే రాస్తున్నాడని చెప్పాను. ఎందుకట్లా చెప్పానో తెలియదు.

నవంబర్ 23

రికమండేషన్‌లో ఏముందో చూసే హక్కు వదులుకుంటున్నాను అని ఒక బాక్స్ ఉంది. టిక్ పెట్టాను. పెట్టి, పక్క ట్యాబ్‌లో సార్ మెయిల్ తెరిచాను. నవ్వొచ్చింది.

డిసెంబర్ 1

స్వీటీ వాళ్ల బర్రె ఈనింది. వాళ్లమ్మ సక్కుబాయి ఆంటీ జున్ను చేసి రెండు డబ్బాల్లో పంపింది. ఒకటి సార్‌కు, మంచిగ రాస్తున్నడు కదా అని. ఒకటి నాకు, ఊరికే.

సార్‌ది ఇచ్చి వచ్చాను. నాది మొత్తం నేనే తిన్నాను. అమ్మకు కూడా పెట్టలేదు.

డిసెంబర్ 8, మధ్యాహ్నం

రెండు ఫారాలూ నింపాను. లెటర్ దాకా ఒక్కతీరుగానే రాశాను, ఒట్టు. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఏడాది మీరు ఇంకెవరినైనా రికమండ్ చేస్తున్నారా, చేస్తే వాళ్లలో ఈ విద్యార్థిది ఎన్నో స్థానం అని. ఇద్దరికీ ఒకటి కొట్టాను. పోర్టల్ ఒప్పుకోలేదు. ఎర్ర అక్షరాలు. మళ్లీ కొట్టాను. మళ్లీ అవే.

నాకు ఒకటి. స్వీటీకి రెండు.

ఆ ఒకటికి కారణం కూడా రాయమంది. నా దగ్గర ఏం కారణముంది? మా ప్రాజెక్ట్ అంటే మూసీ శాంపిల్స్. ఆ నీళ్లలోకి దిగింది స్వీటీ. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, ప్రతి వారం, ఆ కంపులో. నేను బ్రిడ్జి మీద నిలబడి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, టైమూ నంబరూ రాసుకునేదాన్ని. ఫారంలో ఇద్దరి చోట్లూ మార్చాను. శాంపిల్స్ అన్నీ అమలే సేకరించింది, స్వీటీ రికార్డు రాయడంలో సహాయపడింది అని.

డిసెంబర్ 8, సాయంత్రం

సబ్మిట్ అయిపోయింది. మార్చడానికి లేదట.

డిసెంబర్ 25

పొద్దున చర్చిలో తల ఎత్తలేదు. భక్తి అనుకుంది అమ్మ.

మధ్యాహ్నం స్వీటీ వచ్చింది. బిర్యానీ తిని, అమ్మ వెంట గిన్నెలు కడిగి, అమల లేకుంటే నా అప్లికేషన్ ఏడ వడుండెనో ఆంటీ, నాకా పోర్టల్ సమజ్ కాదు అంది. మీరిద్దరు అక్కచెల్లెండ్ల లెక్క బిడ్డా అంది అమ్మ. నేను లేచి డాబా మీదికి పోయాను. బట్టలు ఇంకా ఆరలేదు, అయినా తీసుకొచ్చాను.

జనవరి 20

నాకు ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది. స్వీటీకి రాలేదు.

దానికి ఎట్లా చెప్పాలా అని నేను ఏడుస్తుంటే అదే ఫోన్ చేసింది. విని ఒక్క కేక పెట్టింది. తనకెందుకు రాలేదో కారణం కూడా తనే చెప్పుకుంది. నాది ఇంగ్లిష్ వీక్ గదనే, నీదన్న వచ్చింది, మస్తు ఖుషీ అంది. దాని గొంతులో కుళ్లు ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. లేదు.

జనవరి 22

ఇంటర్వ్యూలో శాంపిల్స్ గురించి అడుగుతారు. నాకు బాటిల్ పట్టుకోవడం కూడా రాదు. ఎవరిని అడగను? స్వీటీనే అడిగాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూడు!

పురానాపూల్ బ్రిడ్జి కింద, పాత చెప్పులేసుకుని, నన్ను నీళ్లలో నిలబెట్టింది. నీళ్లొచ్చే వైపు మొహం పెట్టు, బురద కలపకు, ముందు అవే నీళ్లతోని బాటిల్ కడుగు, లోపల గాలి బుడగ ఉండొద్దు. నేను తప్పు చేసినప్పుడల్లా ఏందే గిట్ల అని నెత్తిన మొట్టింది. ఇదంతా నీకిప్పుడు ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంటికొచ్చి సబ్బుతో కాళ్లు తోముకుంటూనే ఉన్నాను.

జనవరి 27

ఇంటర్వ్యూ బాగా చేశాను. గాలి బుడగ గురించి కూడా చెప్పాను. వాళ్లు తలలూపారు. థూ నా బతుకు.

ఫిబ్రవరి 6

సార్ మెయిల్‌కు యూనివర్సిటీ నుంచి మెయిల్. చూసేదాన్ని నేనొక్కదాన్నే.

శాంపిల్స్ అన్నీ తనే తీశానని స్వీటీ తన ఎస్సేలో రాసిందట. మీ ఫారంలో అమల తీసిందని ఉంది. ఇద్దరిలో ఎవరో అబద్ధం చెబుతున్నారు, పదకొండో తారీఖున వీడియో కాల్‌లో మాట్లాడాలి అని.

అంటే దాన్ని పిలవనిది ఇంగ్లిష్ వల్ల కాదు. అక్కడ వాళ్ల దృష్టిలో స్వీటీ అబద్ధాలకోరు. నా వల్ల.

ఫిబ్రవరి 7

మెయిల్ డిలీట్ చేశాను. మళ్లీ ట్రాష్‌లోంచి తీశాను.

నేనే రాశానని చెబితే? స్వీటీ లెటర్ కూడా సార్ రాసింది కాదు కదా. దాన్ని కూడా తీసేస్తారేమో. చెప్పకపోతే అది దొంగ. దేవుడా, ఎటు తిరిగినా దానికే తగులుతోంది.

బాపు అన్నం దగ్గర, ఏం ఫికర్ బిడ్డా, వస్తది సీటు అన్నాడు.

ఫిబ్రవరి 9

సార్‌కు అంతా చెప్పాను. ర్యాంకులు, శాంపిల్స్, అన్నీ. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే వెళ్లాను. సార్ చాయ్ సగం తాగి, ఇంతకు నీళ్లల్ల దిగింది ఎవరు అని అడిగాడు. ప్రాజెక్ట్ జరిగిన ఏడాదంతా ఆయన నది దగ్గరికి ఒక్కసారీ రాలేదు. స్వీటీ అన్నాను. అంటే ఏ పిల్ల, ఎత్తు పిల్లనా అన్నాడు.

మెయిల్‌కు నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి అన్నాడు. కాల్ సార్, మొహం కనబడాలి అన్నాను. అప్పుడు భయపడ్డాడు.

ఫిబ్రవరి 11

కాల్ అయిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

సార్ కొత్త షర్టు వేసుకుని కూర్చున్నాడు. నేను లాప్‌టాప్ వెనకాల, స్టూల్ మీద. నిజం చెబుతానని నిన్న ఫోన్‌లో ఒప్పుకున్నాడు. తీరా అవతల ఇద్దరు మేడంలు కనబడి, శాంపిల్స్ ఎవరు తీశారని అడగగానే, బోత్ ఆర్ సేమ్ మేడం అన్నాడు. మళ్లీ అడిగారు. బోత్ ఆర్ మై డాటర్స్ అన్నాడు. మూడోసారి అడిగితే నా వైపు చూశాడు.

స్వీటీ అన్నాను. గట్టిగానే వచ్చింది.

ఎవరున్నారక్కడ అన్నారు. పాపం సార్ ఏమనుకున్నాడో, ఇదిగో అమల, ఈమెనే అడగండి అని లాప్‌టాప్ నా వైపు తిప్పేశాడు. తెరలో నా మొహం నాకే కనబడింది, జిడ్డు కారుతూ.

చెప్పేశాను. నీళ్లలో దిగింది స్వీటీ, నేను కాదు. లెటర్లు రెండూ నేనే రాశాను, ర్యాంకులు నేనే వేశాను, ఈ సంగతి స్వీటీకి తెలియదు. గాలి బుడగ సంగతి కూడా అది నేర్పిందే. ఆ మాట అవసరం లేదు, అయినా అనేశాను. ఒక మేడం చాలాసేపు ఏదో రాసుకుంది. నీ అప్లికేషన్ ఇక పరిశీలించం అంది. స్వీటీ గురించి సార్ తన మాటల్లో మళ్లీ రాసి పంపాలంది. కట్.

నన్ను గూడ దొంగను జేస్తివి గదనే అన్నాడు సార్. లాప్‌టాప్ మూసి, కాదులే, నేనే దొంగనైన తియ్యి అన్నాడు. స్వీటీని రేపు రమ్మను, మాట్లాడాలె, ఆ పిల్ల ఏం చేసిందో నాకు తెల్వాలె కదా అన్నాడు.

ఫిబ్రవరి 15

సార్ స్వీటీని పిలిచి అన్నీ అడిగి, మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్క పేజీ రాశాడట. యూనివర్సిటీ మళ్లీ రాయమందని మాత్రమే దానికి చెప్పాడట, నా సంగతి ఎత్తలేదట. నన్ను పిలవలేదు. పాస్‌వర్డ్ మార్చేసుకున్నాడు. మంచిదైంది.

మార్చి 12

పోయిన నెలాఖరులో స్వీటీని ఇంటర్వ్యూకు పిలిచారు, ఇవాళ సీటొచ్చింది, స్కాలర్‌షిప్‌తో సహా. వాళ్ల గల్లీలో డప్పులు. వాళ్ల బాపు మల్లన్న అంకుల్ ఊరందరికీ పాలకోవా పంచుతున్నాడు. నాకు రిజెక్ట్ అయిందని మాత్రమే దానికి తెలుసు.

మార్చి 13, సాయంత్రం

స్వీటీకి యూనివర్సిటీ మీద మస్తు కోపంగా ఉంది. అమలను వద్దనడానికి వాళ్లకు కండ్లు లేవా అంటోంది. మధ్యాహ్నం నుంచి నా మంచం మీద కూర్చుని వాళ్లకు నా గురించి మెయిల్ రాసింది. ఇంగ్లిష్ దిద్దమని నాకే ఇచ్చింది. చాయ్ తెస్తానని కిందికి పోయింది.

నాకు తెలిసినవాళ్లలో అమలంత నిజాయితీ గల మనిషి లేదు అని మొదలుపెట్టింది. మొత్తం చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు.

మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు వినబడుతోంది. పంపకే స్వీటీ అనాలి. ఎందుకని అడుగుతుంది.