నూనె చేసిన పని కాదు

జూన్ 9, సోమవారం

వదినగారికి,

మీ తమ్ముడి భార్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. మర్యాదకు రాసిన మాట కాదిది. ఈసారి నిజంగానే క్షేమం. మీరూ, అన్నయ్యగారూ కులాసా అని తలుస్తాను.

మీ తమ్ముడికి గుండెపోటు వచ్చిన రోజు ఆసుపత్రి వరండాలో మీరేమన్నారో మరిచిపోలేదు. సీసాలకు సీసాలు నూనె పోసి నా తమ్ముడి గుండె పూడ్చేశావు కదే మహాతల్లీ అన్నారు. ఆయనకు తెలివి వచ్చాక ఎవరో ఆ మాట చెవిన వేశారు. అక్క ఇక గడప తొక్కొద్దని కబురు పెట్టారు. మీరూ పంతానికి రాలేదు. అందుకే తర్వాతి సంగతులు మీకు తెలియవు.

వినండి. ఆయన గుండె నాళాల్లో కొవ్వు లేదు. శుభ్రంగా ఉన్నాయని డాక్టరమ్మే చెప్పింది. ఒక్కదాంట్లో మాత్రం ఏదో తునక ఇరుక్కుంది. అదేమిటా అని వెతుకుతూ, ఈమధ్య జ్వరాలేమైనా వచ్చాయా అని నన్నడిగింది. పొద్దు వాలేసరికి ఒళ్లు కాలేది, పని అలసటని మాత్ర మింగి పడుకునేవారు అని చెప్పాను. అప్పుడు గుండెకు స్కానింగ్ తీశారు. లోపల తలుపులా మూసుకుని తెరుచుకునే కవాటం ఒకటుంటుందట. ఆయనకది పుట్టుకతోనే కాస్త లోపం. దానికి క్రిములు పట్టి పాచిలా పెరిగాయి. అందులోంచి ఊడిన తునకే వెళ్లి అడ్డుపడింది. గుండెపోటు ఇలా రావడం బహు అరుదట.

క్రిములెక్కడివంటే ఖాయంగా చెప్పలేం, చిగుళ్లలోంచి కావచ్చన్నారు. మీ తమ్ముడి వడ్రంగం మీకు తెలుసుగా, మేకులన్నీ పళ్ల మధ్యే. చిగుళ్లు ఎప్పుడూ పుండే. నేను మొత్తుకుంటే, నోరు ఖాళీగా ఉంటే నీతో మాట్లాడాల్సొస్తుందే అని ఎగతాళి.

వారాల తరబడి నరానికి మందులు ఎక్కించారు. క్రిములు కవాటాన్ని తినేశాయి, కోసి కొత్తది పెట్టాలి, హామీ ఇవ్వలేం అన్నారు. సంతకం నేనే పెట్టాను. బతికారు వదినా! మొన్న డాక్టరమ్మ చూసి ఇక పనిలోకి పొమ్మంది. నిన్న బడికి తలుపు బిగించి, ఎవరి భుజమూ పట్టుకోకుండా వీధంతా నడిచి వచ్చారు. వేపుడు చేశాను, నూనె పోసే చేశాను. మారు వడ్డించమని తిన్నారు.

మీరొకసారి రావాలని మీ తమ్ముడు మరీ మరీ రాయమన్నారు.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: మీ తమ్ముడు రాయమనలేదు. మీ ఊసెత్తితే ఇంకా మొహం తిప్పుకుంటారు. రమ్మంటున్నది నేను. ఆ రోజు వరండాకి చుట్టాలు చాలామందే వచ్చారు, మంచి మాటలు చెప్పి వెళ్లారు. మీరు తిడుతూనే ఉన్నారు. కానీ చీకటి పడేదాకా నా చెయ్యి వదల్లేదు. బయలుదేరండి. ఆయన సంగతి నేను చూసుకుంటాను.